మల్లేశం అన్న సీరీస్ బోర్డు

మల్లేశం అన్న ఇక లేరన్న కబురు విని పన్నెండు రోజులైంది. పొద్దున నాతో నవ్వుతూ మాట్లాడిన మనిషి సాయంత్రానికి లేరు. ఇన్నాళ్లూ రాయలేకపోయాను. యాభై దాటాక అక్షరాలు నేర్చిన చేయి నాది, నెమ్మదిగానే నడుస్తుంది. కానీ కారణం అది కాదు. ఆయన వైండింగ్ చేసి, వైర్లు కలపకుండా వదిలిన సీలింగ్ ఫ్యాన్ తిరిగేదాకా ఆయన గురించి ఒక్క ముక్కా రాయనని ఒట్టు పెట్టుకున్నాను.

మాదాపూర్‌లోని ఆడపిల్లల హాస్టల్లో ఆయన ఎలక్ట్రీషియన్, నేను గదులు ఊడ్చేదాన్ని. స్విచ్‌బోర్డుల మీద పేర్లు రాసి నాకు అక్షరాలు నేర్పింది ఆయనే. నేను మొదట చదివిన మాట 'గీజరు'. ఆ రోజు మూడంతస్తులూ తిరిగి ప్రతి గీజరునూ పైకి చదివాను!

తర్వాత ధైర్యం ఎక్కువైంది. హఫీజ్‌పేట్‌లో మా కిరాయి గదికి నేనే రెండు బల్బులు బిగించాను. రెండూ ఆరిపోబోయే బొగ్గుల్లా వెలిగాయి. అన్న వచ్చి ఒకటి ఊడదీయమన్నారు. రెండోదీ ఆరిపోయింది.

"ఏం చేసినవో నువ్వే చెప్పు చెల్లె."

"ఒకదాని ఎనక ఒకటి కట్టిన. దేనికి దానికే రెండు వైర్లు ఇయ్యాలె గద అన్నా."

"గదే ప్యారలల్. ఒకటి పోయినా ఇంకోటి వెలుగుతది."

మార్చి కట్టాను. గదంతా వెలుగు! చిన్నపిల్లలా గంతేశాను. నా తప్పును మాత్రం ఆయన పారేయనివ్వలేదు. ఇంటికి పనికిరాని ఆ సీరీసే, అంటే ఒకదాని వెనక ఒకటి కట్టడమే, అనుమానమున్న సామానును పరీక్షించడానికి కావాలన్నారు. చెక్క మీద బల్బు, సాకెట్ అలాగే కలిపి బిగించి, సీరీస్ బోర్డు చేసి చూపించారు. బాగు చేసిన ఫ్యాన్‌ను అందులో పెడితే, బల్బు జోరుగా వెలిగిందా, లోపల షార్టు. మందంగా వెలిగిందా, ఫికర్ లేదు. అంత అనుభవమున్న మనిషి, "నా చెయ్యిని నేను నమ్మ, బల్బును నమ్ముత" అనేవారు. అటువంటి పనితనం, అంతటి వినయం ఒకే మనిషిలో నేను మళ్లీ చూడను.

పదకొండో దినం భోజనాల దగ్గర వార్డెన్ మేడమ్ ఆ ఫ్యాన్‌ను పాత సామానుకు వేసేద్దామన్నారు. అన్న చివరి పని తుక్కులో కలవడానికి నేను ఒప్పుకోలేదు. ఒక్క రోజు ఆగమన్నాను.

"నీవల్ల అవుతుందా అంజమ్మా?"

"బల్బు చెప్తది మేడమ్."

మర్నాడు పొద్దున వైర్లు కలిపి, ఫ్యాన్‌ను అన్న బోర్డుకు తగిలించి స్విచ్ వేశాను. బల్బు మందంగా వెలిగింది. మోటారు మెల్లగా కదిలింది. రెక్కలు బిగించి, పద్నాలుగో నంబరు గదిలో వేలాడదీసి నేరుగా కరెంటు లైను ఇచ్చాను. అది పూర్తి జోరుతో తిరుగుతుంటే, దాని కిందే కూర్చుని ఆయన పేరు రాశాను.