నవ్వకూడని వార్డులో మేక

ఆసుపత్రిలో ఆయాగా పనిచేసినన్నాళ్లూ జీతం కాగితం మీద వేలిముద్రే వేశాను. రిటైరయ్యాక ఎమ్మిగనూరులో ఉన్న చెల్లెలు పట్టుబట్టి అక్షరాలు దిద్దించింది. అందుకే ఇంత ఆలస్యంగా రాస్తున్నాను.

ఉద్యోగంలో చేరిన మూడో ఏడు, చలికాలంలో, నన్ను ఆదోనిలో పెట్టిన కంటి శిబిరానికి పంపారు. ఒక బడిలో తరగతి గదులే వార్డులు. శుక్లం తీసేది డాక్టరు, కట్టు చూసుకునేది సిస్టరు, రోగి కదలకుండా కనిపెట్టుకోవడం ఆయా పని. అప్పట్లో కన్ను ఎక్కువగా కోసి కుట్టేవారు. అందుకని కళ్లకు కట్టు కట్టి, తలకు రెండువైపులా ఇసుక సంచులు పెట్టి, తెల్లవారేదాకా వెల్లకిలా పడుకోబెట్టేవాళ్లం. దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వకూడదు. కుదుపుకు కుట్టు వదిలితే చూపు పోవచ్చు.

నా వార్డులో ఈరన్న తాత అని ఎమ్మిగనూరు నేతగాడు ఉన్నాడు. ఒక కన్ను చిన్నప్పుడే పోయింది. ఆరోజు ఆపరేషన్ చేసింది మిగిలిన కంటికి.

రోగుల బంధువులు వార్డుల్లో గుమికూడకుండా నిర్వాహకులు ఒక ఉపాయం చేశారు. పొద్దు గూకగానే బడి ఆవరణలో దుప్పటి కట్టి పాతకాలపు నవ్వుల సినిమా వేశారు. చిన్న మూగ బొమ్మ. మాటలుండవు గనక రోగులకు ఇబ్బంది లేదనుకున్నారు. జనం విరగబడి నవ్వుతారని ఎవరికీ తోచలేదు.

"ఏమ్మా, ఏమిటికి నగుతాండారు?" అన్నాడు ఈరన్న తాత.

"సినిమా తాతా. మేక సినిమా. కదలొద్దు."

"మేక ఏం జేస్తాంది?"

"నువ్వు పండుకో తాతా."

"సెప్తావా, నేనే లేసి పోయి కనుక్కుందునా?" అంటూ మోచేయి మంచానికి ఆనించాడు.

లేచినా ప్రమాదమే, నవ్వినా ప్రమాదమే. కిటికీ దగ్గర నిలబడి, సిస్టరుకు రోగి జ్వరం చెప్పే గొంతుతో మొదలుపెట్టాను.

"ఒక లావుపాటి ఆయప్ప గోడకు కాగితాలు అంటిస్తాండాడు. మేక ఎనక నుంచి తింటాంది."

"ఎన్ని తినింది?"

"అన్నీ."

"ఆయప్ప సూడలేదా?"

"సూసినాడు. తరిమినాడు. మేక నిచ్చెన ఎక్కింది."

తాత పెదవులు బిగించాడు. దుప్పటి కింద కాలివేళ్లు వణికాయి. "నిదానంగా సెప్పమ్మా, నగు ముక్కుదాకా వచ్చింది" అన్నాడు.

పక్క మంచాల వాళ్లు "గట్టిగా సెప్పక్కా, మాకు ఇనపళ్లా" అన్నారు.

"ఎవరు నగినా కథ నిలిపేస్తా" అన్నాను. వార్డంతా రాళ్లలా పడుకుంది.

"ఆయప్ప మైదా గంజి బకెట్లో పడినాడు. ఒళ్లంతా కాగితాలు అతుక్కున్నాయి. మేక..."

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

"మేక?"

"ఆయప్పను గోడ అనుకోని..."

ఇక నావల్ల కాలేదు. కిటికీ ఊచలు పట్టుకుని పకపకా నవ్వేశాను.

"నగొద్దమ్మా! నా కన్ను పోతాది!" అని అరిచాడు తాత, తల మాత్రం వెంట్రుకవాసి కదలనీయకుండా. "బయటికి పో, నగి రా. మిగిలింది అప్పుడు సెప్పుదువు."

నవ్వి వచ్చి మిగిలింది చెప్పాను.

మర్నాడు ఉదయం డాక్టరు కట్టు విప్పి వేళ్లు చూపించాడు. తాత తడుముకోకుండా లెక్క చెప్పాడు. కుట్లు చెక్కుచెదరలేదు. సిస్టరు మాత్రం నన్ను పక్కకు పిలిచి, వార్డు మొత్తంలో నవ్వింది నువ్వొక్కదానివే అంది.

కదలొద్దు అన్నంత మాత్రాన రోగి కదలకుండా ఉండడు. చుట్టూ ఏం జరుగుతున్నదో తెలియకపోతే లేవబోతాడు. ఆ ఉదయం కొత్త రోగులు వచ్చారు. వాళ్లకు ఆపరేషన్లు అయ్యాక ఇసుక సంచులు సర్ది, ప్రతి మంచం దగ్గరా నిలబడి చెప్పాను: తలుపు ఎటువైపు ఉంది, పక్కన ఎవరు పడుకున్నారు, బయట ఆ చప్పుడు దేనిది అని.