ఎక్కిళ్ళ మేళం

చింతపండు గుజ్జుతో ఇత్తడి తోమిన వాసన వస్తే చాలు, పెళ్ళిళ్ళ కాలం వచ్చేసిందనిపిస్తుంది నాకు. మొన్న సునీల్ మా వరండాలో కూర్చుని పాత బాకాను తోముతుంటే, పొయ్యి మీద పాలు వదిలేసి బయటికి వచ్చేశాను. సునీల్‌ది మా చర్చి వీధే. హైదరాబాదులో సంగీతం నేర్చుకుని వచ్చి, మా నాయన వాళ్ళ బ్యాండును మళ్ళీ నిలబెడుతున్నాడు. “అత్తా, మీ నాయన కొట్టింది స్కా!” అన్నాడు. జమైకా అనే దీవిలో పుట్టిన సంగీతమట, ఊపంతా దెబ్బకూ దెబ్బకూ మధ్య సందులోనే ఉంటుందట. భద్రాచలం, దుమ్ముగూడెం దాటి పెద్దగా ఎటూ వెళ్ళని మా నాయనకు ఆ దీవి సంగతి ఎవరు చెప్పారో నాకు అంతుపట్టలేదు. దానికన్నా పెద్ద తికమక ఆ తర్వాత వచ్చింది. బస్సు స్టేజీ దగ్గర బ్యాండు పేరిట ఒక రాయి నిలబెడుతున్నారట. దాని మీద “కుంటి కాలి నుంచి పుట్టిన దెబ్బ” అని చెక్కిస్తారట.

“గిది నిజమేనా అత్తా? నువ్వు అవునంటేనే చెక్కిస్త.”

అవునంటే నాయన విద్యంతా ఆయన కాలి ఖాతాలో పడిపోతుంది. కాదనాలంటే ముందు నాకు తెలియాలి కదా!

ఇప్పుడు స్టేజీ ఉన్న చోట అప్పట్లో తునికాకు కల్లం ఉండేది. ఎండలు ముదిరే రోజుల్లో అడవి పల్లెల వాళ్ళు బీడీల కోసం కోసుకొచ్చిన ఆకు కట్టలను నేలంతా పరిచి ఆరబెడితే, పొద్దెక్కేకొద్దీ ఆ వగరు వాసన లేచి, పక్కన రాలిన ఇప్పపూల మత్తు వాసనతో కలిసి, మా బట్టలకూ జుట్టుకూ పట్టుకుని ఇంటిదాకా వచ్చేది. మేం తునికి పండ్లు చీకుతూ, ఎవరి గింజ ఎంత దూరం పడుతుందో చూద్దామని ఉమ్ముతూ, కట్టల వరసల మధ్య దాగుడుమూతలాడేవాళ్ళం. నాయన పగలు అక్కడే ఆకు తిరగేసేవాడు, లారీలకు ఎత్తేవాడు. సాయంత్రం అదే కల్లంలో పెద్ద డ్రమ్ము మెడకు తగిలించుకునేవాడు. ఆయన జతగాడు మస్తాన్ మామ పగలు బట్టలు కుట్టేవాడు, సాయంత్రం బాకా ఊదేవాడు. రంజాన్‌కు మామ వాళ్ళ షీర్ ఖుర్మా, క్రిస్మస్‌కు మా గారెలు గిన్నెల్లో ఇల్లు మారేవి. ఏ గిన్నె ఎవరిదో మా అమ్మకు ఏనాడూ తేలలేదు.

ఆ కల్లంలోనే ఒకసారి ఎత్తుతున్న ఆకు బస్తా జారి నాయన మోకాలి మీద పడింది, అప్పట్నుంచి ఆయన కుంటేవాడు. ఆయన కేక నేను విన్నానో, అమ్మ చెప్పగా చెప్పగా విన్నాననుకుంటున్నానో ఇప్పటికీ తేల్చుకోలేను.

నాకు బాగా గుర్తున్నది ఊరేగింపులే. అందరి అడుగూ నేల తాకినప్పుడు పడాల్సిన దెబ్బ, నాయన చేతిలో మాత్రం అడుగు లేచాక పడేది. బాకాలు ముందుకు ఉరుకుతుంటే డ్రమ్ము వెనక నుంచి హుక్కుమనేది, మేళం మొత్తానికీ ఎక్కిళ్ళు పట్టినట్టు. జనం ముందు నవ్వేవాళ్ళు, తర్వాత వాళ్ళ కాళ్ళే నిలిచేవి కావు. అలా అది ఎక్కిళ్ళ మేళమైంది, మేళం వాళ్ళు కూర్చునే చోటు ఎక్కిళ్ళ స్టేజీ అయింది. “ఎక్కిళ్ళ, ఎక్కిళ్ళ, జల్దీ దిగుండ్రి!” అని కండక్టర్లు కేకేసేవాళ్ళు. మధిర నుంచి ఒకావిడ ఎక్కిళ్ళు ఆగని మొగుణ్ణి వెంటబెట్టుకుని, ఇక్కడ మందు పోస్తారని విని వచ్చి దిగింది. మస్తాన్ మామ అతని చెవి దగ్గర బాకా ఊదితే ఎక్కిళ్ళు టక్కున ఆగిపోయాయి. దాంతో పేరుకు అసలు కారణం ఏదో ఊళ్ళోనే సగం మందికి అనుమానం వచ్చింది.

బడిలో నన్ను “ఎక్కిళ్ళోని బిడ్డ” అనేవాళ్ళు. ఏడుస్తూ ఇంటికి వస్తే అమ్మ ముక్కు తుడిచి, “ఏడుస్తవేందే? ఎవరన్న తలుసుకుంటెనే ఎక్కిళ్ళొస్తయి. మీ నాయనను ఊరంత తలుసుకుంటాంది” అనేది.

కాలు వల్లే అనుకుందామంటే ఒక ఆధారం ఉంది. చర్చిలో కుర్చీలో కూర్చుని పాటకు వాయించేటప్పుడు నాయన దెబ్బ ఎక్కడా తప్పేది కాదు. కాదనుకుందామంటే ఇంకొకటి ఉంది. నన్ను ఒళ్ళో పడుకోబెట్టుకుని వీపు మీద జోకొట్టేటప్పుడు కూడా ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగి పడేది. నిద్రలో కూడా ఆ ఆలస్యం కోసం ఎదురుచూసేదాన్ని. కూర్చుని జోకొట్టే మనిషికి కుంటేమిటి? అయితే అది కాలికి తగలకముందా, తర్వాతా? నాకప్పుడు ఎన్నేళ్ళో నాకే తెలియదు.

మస్తాన్ మామ ఇంకా ఉన్నాడు, కొడుకు ఇంట్లో, మంచం మీద. దెబ్బ ముందా, తర్వాతా అని వెళ్ళి అడిగాను.

“దెబ్బ ముందేనే బిడ్డా,” అన్నాడు వెంటనే. నాకు ప్రాణం లేచొచ్చింది.

“అంటే డ్రమ్ము దెబ్బనా మామా?”

“కాలు దెబ్బ.”

“మరి డ్రమ్ముది తర్వాతనా?”

“ఎహె, గదీ ముందే.”

“రెండూ ముందెట్లయితయి మామా?”

“రెండూ గా కల్లంలనే, ఒక్క ఎండకాలంలనే గదా! ఏది ఏందో మాకప్పుడే తెల్వలే.” కాసేపు మంచం పట్టె మీద వేళ్ళతో తట్టాడు, అదే ఆలస్యంతో. “ఒకటి మాత్రం యాదికుంది. నడవలేకపోతుండని మేం జర నిదానం జేసినం. మీ నాయనకు కోపమొచ్చింది. ‘మీరెందుకు ఆగుతుండ్రు? నేను కావాల్ననే ఆగుతున్న’ అన్నడు.”

నాయన నిజమే చెప్పాడో, జాలి పడుతున్నారని రోషానికి అన్నాడో! నాయన రెండూ చేయగల మనిషి. ఇంటికొచ్చి సునీల్‌కు ఫోను చేసి, కుంటి మాట తీసేయమన్నాను. మరేం రాయాలని అడిగాడు. నాకు ఖాయంగా తెలిసింది ఒక్కటే, అదే చెప్పాను.

ఇప్పుడు కల్లం లేదు, స్టేజీ వెనక సిమెంటు గోదాము ఉంది. రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఇప్పచెట్లు పోయాయి. అమ్మా నాయనా లేరు. రాయి నిలబెట్టిన రోజు కుర్రాళ్ళు ఎక్కిళ్ళ దెబ్బ వాయిస్తుంటే నేను పక్కన నిలబడ్డాను. కల్లూరు బస్సు దిగిన ఒక పెద్దావిడ సంచి కింద పెట్టి, రాతి మీది అక్షరాలు కూడబలుక్కుంటూ చదివింది: “ఇక్కడ మొదటి దెబ్బ పడింది.”

“అయ్యో, ఎవరికి తగిలిందమ్మా?” అని అడిగింది నన్ను.

“మా నాయనకు,” అన్నాను.