మనుషులున్నట్టు కనిపించే ఇల్లు

ఆ రోజుల్లో ఇళ్ల గురించి నాకు తెలిసిందల్లా వాటికి తలుపులుంటాయని, నెల తిరిగేసరికి కిరాయి అడుగుతారని మాత్రమే. డిగ్రీ పూర్తిచేసి చివ్వెంలలో ఊరికే తిరుగుతున్న నన్ను, సూర్యాపేటలో ఇళ్లు అమ్మించి బతికే మా మేనమామ చేరదీశాడు. ఆఫీసులో కుర్చీ ఇస్తాడనుకుంటే తాళంచెవి ఇచ్చాడు. మిర్యాలగూడలో ఒక టీచరమ్మ రిటైరై, కోదాడలో చెల్లెలి దగ్గరికి వెళ్లిపోయి, ఇల్లు అమ్మకానికి పెట్టింది. "మనిషి లేని ఇల్లు జల్ది ఖరాబైతది అల్లుడా. సూసెటోళ్లు సగం రేటుకు అడుగుతరు. నువ్వు పోయి గాడనే ఉండు. ఇల్లు నవ్వుకుంట కనపడాలె" అన్నాడు మామ. (ఇంటిని ఎలా నవ్వించాలో చెప్పలేదు.)

పని మాత్రం నాకు నచ్చింది. డాబా మీద తూములో పేరుకున్న వేపాకు తీశాను. పిట్టగోడ పగుల్లో మొలిచిన రావి మొక్కను వేళ్లతో సహా పీకి, ఆ సందులో సిమెంటు పూశాను. వాడని బాత్రూంలో కూడా నల్లా విప్పి రోజూ నీళ్లు వదిలేవాణ్ని (లేకపోతే మోరీ కంపు ఇంట్లోకి వస్తుందని మామ ఉపదేశం). వంటింటి గోడ చెమ్మకు సున్నం కొట్టబోతే ఫోన్లోనే అరిచాడు. "ముందు నీళ్లు యాడికెల్లి వస్తున్నయో సూడు! పైన సున్నమేస్తే వానకాలం మల్ల బయటపడతది, కొన్నోడు మనల్ని తిడ్తడు." వెతికితే గోడలో కారుతున్న పైపు దొరికింది. బాగు చేయించాను.

కష్టమంతా పని అయిపోయాకే. మాట్లాడేందుకు మనిషి లేడు. నేను దగ్గితే ఖాళీ గది తిరిగి దగ్గేది. మొదట్లో నల్లా కారుతోందని మామకు ఫోన్ చేసేవాణ్ని. కారే నల్లాలు అయిపోయాక, కారని నల్లాల సంగతి చెప్పడం మొదలుపెట్టాను. "మంచిగున్నదానికి ఫోనెందుకురా!" అని పెట్టేసేవాడు. కాలర్ ట్యూన్ కావాలా అని ఫోన్ కంపెనీ రికార్డు గొంతు అడిగితే చివరిదాకా వినేవాణ్ని. నీళ్ల మోటారును కూడా "ఇగ చాలు, నోరు మూస్కో" అని కోప్పడేవాణ్ని. వీధిలో ఎవరినైనా పలకరిద్దామంటే సిగ్గు. ఏం చేస్తుంటావని అడిగితే, ఇంటికి కావలి ఉన్నానని చెప్పాలి కదా!

చూడటానికి వచ్చినవాళ్లేమో "ఖాళీగ ఎందుకున్నది? వాస్తు గిట్ల బాగలేదా?" అంటూ వెనక్కి పోతున్నారు. "సంసారం ఉన్నట్టు కనపడాలె" అని మామ మా అత్త పాత చెప్పులు పంపించాడు. వాటిని గడప ముందు పెట్టాను. అక్కడితో ఆగకుండా, అటక మీద దొరికిన టీచరమ్మ ఆకుపచ్చ చీరను ఉతికి రోజూ తీగ మీద ఆరేసేవాణ్ని. ఎవరైనా వస్తున్నారంటే ఘుమఘుమలాడాలని పోపు వేసేవాణ్ని (కూర ఉండేది కాదు, పోపు మాత్రమే). సాయంత్రం ఆ చీర మడతపెడుతుంటే, ఇంట్లో ఇంకెవరో ఉన్నట్టే అనిపించి కాస్త ధైర్యంగా ఉండేది.

ఇదంతా పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా గమనిస్తోందని నాకు తెలియదు. ఆమెకు చీర కనిపిస్తోంది, చీర కట్టే మనిషి కనిపించడం లేదు. పైగా "నోరు మూస్కో" వినిపిస్తోంది. ఒక ఉదయం నేరేడుచర్ల నుంచి రైసుమిల్లు గుమస్తా, ఆయన భార్య ఇల్లు చూడటానికి వచ్చారు. మా ఆవిడ ఊరికి పోయిందని చెప్పాను. వాళ్లు గోడలు తడిమి, నల్లాలు విప్పి, సంతోషంగా తలలూపుతుండగా పెద్దమ్మ మరో ఇద్దరు ఆడవాళ్లతో గేటు తోసుకుని వచ్చింది.

"ఏం పిలగా, పెండ్లాన్ని ఇంట్ల పెట్టి తాళమేస్తున్నవా? బయటికి పిలువ్!"

"ఎవర్ని పెద్దమ్మా?"

"చీర గట్టెటామెను! రోజూ గదే చీరనాయె. ఇంకోటి కొనియ్యలేవా?"

గుమస్తా నన్ను అనుమానంగా చూశాడు. "ఊరికి పోయిందంటివి గదా?" అన్నాడు.

అమ్మకం పోయింది, నా ఉద్యోగమూ పోయింది అనుకున్నాను. పెద్దమ్మ గదులన్నీ వెతికింది, అటక కేసి చూసి "బయపడకు బిడ్డా, మేమున్నం" అని పిలిచింది కూడా. చివరికి వంటింట్లో ఒకే కంచం, ఒకే గ్లాసు, మూకుడులో మాడిన ఆవాలు చూసి ఆగిపోయింది.

"నువ్వొక్కనివేనా?"

"ఒక్కణ్నే పెద్దమ్మా. ఇల్లు పాడు కావొద్దని నన్ను ఉంచిండ్రు. చీరేమో... మనుషులున్నట్టు ఉంటదని..." చెబుతుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. పోపు ఘాటు అన్నాను (పొయ్యి ఎప్పుడో ఆరిపోయింది).

ముందు నవ్వింది గుమస్తా భార్య. నవ్వుకుంటూనే డాబా ఎక్కి, తూమూ పిట్టగోడా చూసి దిగింది. "ఇల్లయితే పాణంగ సూసుకున్నడు. పక్కింటోళ్లు గిట్లొచ్చి అడిగెటోళ్లయితే మనకింకేం గావాలె" అంది భర్తతో.

పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. "ఒక్కనివే ఉంటున్నవని ఒక్క మాట చెప్పొద్దార? గోడవతల మేం తింటుంటే నువ్వు గీడ ఉత్త ఆవాలు మాడ్సుకుంటున్నవా?" అని కసిరింది. ఆ పూటే చామకూర పులుసు గిన్నె గోడ దాటి వచ్చింది. సాయంత్రాలు పెద్దమ్మ భర్తతో అరుగు మీద కబుర్లు మొదలయ్యాయి. వీధి మొత్తం నన్ను "చీర పిలగాడు" అని పిలిచేది, నేనూ పలికేవాణ్ని. ఆ ఇల్లు నాకు ఇల్లులా అనిపించడం మొదలైంది. సరిగ్గా అప్పుడే గుమస్తా పేరు మీద రిజిస్ట్రేషన్ అయిపోయింది. ఇంత బాగా చూసుకోకపోతే ఇంకొన్నాళ్లు అమ్ముడుపోయేది కాదు కదా అని ఆ నల్లాల మీద కోపం వచ్చింది.

మామ భుజం తట్టి, కోదాడలో మరో ఖాళీ ఇంటి తాళంచెవి చేతిలో పెట్టాడు. హుజూర్‌నగర్ దాటేదాకా బస్సులో ఎవరికీ ముఖం చూపించకుండా కిటికీ వైపే తిరిగి కూర్చున్నాను. కోదాడలో దిగి, ఆ ఇంటి తాళం తీయకముందే పక్కింటి తలుపు తట్టాను. "నమస్కారమమ్మా. ఈ ఇంట్లో నేనొక్కణ్నే ఉంటాను. నాకు పెళ్లి కాలేదు. లోపల ఎవరూ లేరు" అని ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ నన్ను పైనుంచి కిందికి చూసి, "అయితే మమ్మల్నేం చేయమంటారండీ?" అని తలుపు వేసేసుకుంది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడు, భార్యాపిల్లలతో నిండిన నా ఇంట్లో ఒక్క క్షణం నిశ్శబ్దం దొరకదు. అప్పుడప్పుడు ఆ తలుపు ముందు సంచి పట్టుకుని నిలబడ్డ కుర్రాడు గుర్తొస్తే నవ్వుకుంటాను. వాడు వెంటనే వెళ్లిపోలేదు. ఆవిడ మళ్లీ తీస్తుందేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాడు.