పాటకు ముందు గొంతు సవరింపు

తొంభైల్లో మేం బళేపేట బజారు వెనక సందులో ఉండేవాళ్ళం. ఆ ఇంటి ముందుగదే నా భార్య పాటల బడి. నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి చాపల నిండా ఆడపిల్లలు. పక్క గోదాములో గుడ్డల మూటలు దించే టెంపోలు హారన్ కొడుతూనే ఉండేవి.

పిల్లలకు ఆమె పెట్టిన నియమాలు గట్టివి. తిన్న వెంటనే పాడకూడదు. పొద్దున మంద్రస్థాయిలో సాధన చేయాలి. మెడ నరాలు ఉబ్బేలా అరవకూడదు. తను మాత్రం ఒక్కటీ పాటించలేదు. ఏ పిల్లది ఏ శ్రుతి అయితే ఆ శ్రుతిలో కలిసి పాడేది. టెంపో మోగితే దాన్ని మించి గొంతెత్తేది. ప్రతి పాటకు ముందు గట్టిగా గొంతు గీరుకునేది.

"ఆ గీకుడు మానుకోరాదా?" అంటే, "మీరు సంతకానికి ముందు పెన్ను విదిలించరా? ఇదీ అంతే," అనేది.

ఆ దశాబ్దం చివర్లో నా డైరీల్లో 'ఈ రోజూ బొంగురు' అన్న మాట మొదట అక్కడక్కడా, తర్వాత పేజీ పేజీకీ కనిపిస్తుంది. మిరియాల పాలు తాగింది, అతిమధురం నమిలింది. పాఠం మాత్రం ఆపలేదు.

చివరికి డాక్టరు చూసి, "చేతికి కాయలు కాచినట్టు మీ గొంతులో కాచినాయమ్మా. కొన్ని వారాలు నోరు మెదపొద్దు," అన్నాడు.

మేం ఇంటికొచ్చిన సాయంత్రమే ఆమె మళ్ళీ చాప పరిచింది. పాఠాలన్నీ గుసగుసగా చెప్పింది. గొంతు పైకి లేవనంతవరకూ అది విశ్రాంతే అనుకున్నాం, ఇద్దరమూ. మరోసారి పోతే డాక్టరు విసుక్కున్నాడు. "గుసగుసకు గొంతు ఇంకా బిగుసుకుంటాదమ్మా. మౌనమంటే మౌనమే."

అప్పటికే ఆలస్యమైంది. రెండువేల సంవత్సరం దాటాక ఆమె నోట్లోంచి గాలి తప్ప స్వరం రాలేదు. బడి మూయడం ఇష్టంలేక పెద్ద శిష్యురాలి చేత పాఠం చెప్పించి, తను గోడకానుకుని కూర్చునేది.

ఒక సాయంత్రం శిష్యురాలు శ్రుతిపెట్టె వేసి, పల్లవికి ముందు గట్టిగా గొంతు గీరుకుంది. అచ్చం నా భార్య గీకుడే. నా భార్య ఉలిక్కిపడి, వద్దనడానికి అరచేత్తో నేల చరిచింది. ఆ పిల్ల తాళం వేస్తోందనుకుని ఇంకా గొంతెత్తింది. మెడ నరాలు ఉబ్బాయి. నా భార్య మళ్ళీ చరిచింది. పాట ఇంకా పైకి పోయింది.

పాట అయ్యాక నేనే చెప్పాను. "అట్లా గీకొద్దమ్మా. మీ మిస్ గొంతు అట్లే పోయింది."

ఆ పిల్ల బిత్తరపోయింది. "మిస్ అట్లే కదా అంకుల్ మొదలుపెట్టేది? మేమంతా అట్లే నేర్చుకున్నాం."

నా భార్య తల వంచుకుంది.

తర్వాతి పాటకు శిష్యురాలు నోరు బిగించి ఆగింది. వెనక వరసలో చిన్నపిల్లలు మాత్రం, నా భార్య నేర్పినట్టే, అందరూ ఒక్కసారిగా గొంతు గీరుకున్నారు.