అక్క చెప్పిన ఇనుప మనిషి

పాత పుస్తకాల బండి మీద అట్ట చిరిగిన నవలొకటి తిరగేస్తుంటే, నూనె కన్నీళ్లు కార్చే ఇనుప మనిషి కనబడ్డాడు. వాడు నాకు చిన్నప్పుడే తెలుసు.

నారాయణఖేడ్‌లో మా అక్కను ఏడో తరగతితో బడి మాన్పించారు. కంది చేలో కలుపు తీస్తూ వాడి కథ చెప్పేది. ఓ ఆదివారం పక్కింటి టీవీ సీరియల్లో వాడే ఏడుస్తున్నాడు.

"మా అక్క కథ ఎత్కపోయిండ్రు!" అని అరిచాను. అందరూ నవ్వారు.

అక్క తల దించుకుంది. "నాది గాదు. బడిల ఉన్నప్పుడు బుక్కుల సదివిన."

"గట్లయితే దొంగవు నువ్వే!"

అక్క మళ్లీ ఏ కథా చెప్పలేదు.

ఆ సీరియల్ రాసినాయనా ఈ నవలే చదివుంటాడు. ఆయన్ని లోకం రచయిత అంది. అక్కను నేను దొంగ అన్నాను.