పనస చెక్క సొరుగుల బల్ల

వానలు మొదలైతే మా గదిలోని సొరుగుల బల్ల మొండికేస్తుంది. ఈ ఉదయం మా అమ్మాయి యూనిఫాం కోసం రెండో సొరుగును రెండు చేతులా పట్టి లాగితే, ఒక్కసారిగా ఊడొచ్చి మోకాలికి తగిలింది. తిట్టబోయి ఆగిపోయాను. చెమ్మ పట్టిన చెక్కలోంచి సన్నగా జీడిపప్పు వాసన వచ్చింది. ఇన్నేళ్లుగా అందులో పిల్ల బట్టలు తప్ప మరేమీ పెట్టలేదు, అయినా ఆ వాసన పోలేదు. పిల్లను స్కూలు ఆటో ఎక్కించి వచ్చి, వంట అలాగే వదిలేసి మంచం మీద కూర్చున్నాను. ఈ బల్ల నాకిచ్చిన కాంతమ్మగారు పోయి రెండేళ్లయింది. మా ఉద్దానంలో చాలామందిని తీసుకుపోయిన కిడ్నీ జబ్బే ఆవిడనూ తీసుకుపోయింది.

పలాసలో ఆవిడకు ఒక చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ ఉండేది. డిగ్రీ అవగానే నేను అక్కడ చేరాను. గుండు పప్పు, బద్ద, ముక్క వేరుచేసే గదిని చూసుకోవడం నా పని. కాంతమ్మగారి నోటికి జడవని మనిషి లేడు. లారీ డ్రైవర్లు సైతం ఆవిడ గొంతు వింటే హారన్ కొట్టడం మానేసేవారు. కానీ పప్పు ఏరే ఆడవాళ్లు నేలమీద గొంతుక్కూర్చోకుండా నడుం ఎత్తున బల్లలు చేయించింది ఆవిడే. పప్పు దొర్లి పడిపోకుండా ఆ బల్లలకు చుట్టూ చిన్న అంచు ఉండేది. "వంగి వంగి మా అమ్మ నడుం విల్లయిపోయింది. నా కాడ ఎవులూ అలగ కూకోడానికి లేదు" అనేవారు.

పెళ్లయిన ఏడాదికి నేను కడుపుతో ఉన్నాను. ఆరో నెలలో టెక్కలి వెళ్లినప్పుడు, ముచ్చటపడి చంటిపిల్లల జుబ్బాలు రెండు కొన్నాను. పుట్టకముందు బిడ్డకు ఏమీ కొనకూడదని మా వైపు గట్టి పట్టింపు. తెలిసే కొన్నాను, ఏమవుతుందిలే అనుకుని. ఏడో నెలలో కడుపులోనే బిడ్డ పోయింది. ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజు మా అత్త, "ముందే కొన్నావు. అందుకే" అంది. ఒక్కసారే అంది. మళ్లీ ఎప్పుడూ అనలేదు. అనక్కర్లేకపోయింది, ఆ మాట నాలో పాతుకుపోయింది.

రెండోసారి నెల తప్పినప్పుడు పిన్నీసు కూడా కొనలేదు. అయితే మొదటి కాన్పుతోనే నా నడుం పాడైంది. ఈసారి ఆపరేషన్ తప్పదని, కాన్పయ్యాక నేలమీద కూర్చోవడం, వంగడం కుదరదని డాక్టరు చెప్పింది. పిల్ల గుడ్డలు ఎలా మార్చాలి? మధ్యాహ్నం అన్నాలయ్యాక ఫోనులో అందుకోసం చేసే బల్లల బొమ్మలు చూసేదాన్ని. కింద సొరుగుల్లో బట్టలు, పైన బిడ్డను పడుకోబెట్టే చోటు. చూడ్డం కూడా కొనడం కిందికే వస్తుందేమోనని భయపడి మూసేసేదాన్ని. ఒకరోజు కాంతమ్మగారు వెనక నిలబడి ఉన్నారు.

"ఏటి సూత్తన్నావు?"

"ఏం లేదు మేడం."

"ఏటీ లేందానికి కళ్ల నీళ్లెందుకే?"

చెప్పాను. జుబ్బాల సంగతి, అత్త అన్న మాట, అన్నీ. ఆవిడ గిర్రున తిరిగి వెళ్లిపోయారు. కోపమొచ్చిందేమో అనుకున్నాను. మర్నాడు పని మధ్యలో, "కారెక్కు, కాశీబుగ్గ ఎల్దాం" అన్నారు.

ఫర్నిచర్ షాపులో ఆవిడ చేసిన హడావిడి తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. మెరిసిపోతున్న తెల్ల బల్ల ఒకటి చూపించాడు షాపతను. ఆవిడ దాని సొరుగులన్నీ ఒకేసారి బయటికి లాగారు. బల్ల ముందుకు ఒరిగింది. అతను పరుగున వచ్చి పట్టుకున్నాడు. "పిల్ల పైనుంటే ఇలాగే పరిగెత్తుకొత్తావేటి నాయనా?" అని అడిగారు. ఇంకోదాని ముందు నన్ను నిలబెట్టి, మోచేతులు మడవమన్నారు. బల్ల నా తొడల దగ్గరే ఆగిపోయింది. "ఇది నీ నడుం ఇరగ్గొట్టడానికే సేసినారు." మూడోది ఎత్తు సరిపోయింది. ఆవిడ సంచీలోంచి ఒక జీడిగింజ తీసి దాని మీద పెట్టి వేలితో తోశారు. గింజ దొర్లి, అంచు లేదు కనక టైల్స్ మీద పడి బీరువా కిందికి పోయింది. "పిల్లకాయలు ఇంతకంటే బేగి దొర్లుతారు" అన్నారు. ఎడమ చెయ్యి బిడ్డ మీద ఉండగా కుడి చేత్తో సొరుగు తెరుచుకోవాలి, పౌడరు కోసం పక్కకు తిరగాల్సిన పని ఉండకూడదు. ఆవిడ అడిగేవన్నీ షాపతను తల గోక్కుంటూ విన్నాడు, చివరికి "అలాంటిది మాకాడ లేదమ్మా" అనేశాడు.

బయటికొచ్చాక నేను, "మేడం, ఉన్నా నేను కొనను" అన్నాను.

"నువ్వెక్కడ కొంతన్నావే? నా ఫ్యాక్టరీకి నేను సేయించుకుంతన్నాను, సాంపిల్ పప్పు పెట్టుకోడానికి. నీకేటి?"

పూండి దగ్గర ఆవిడ తోటలో తుపానుకు పడిన పనస చెట్టు కోయించి, ఎండబెట్టి ఉంచారు. ఆ పసుపుపచ్చటి చెక్కతో వడ్రంగి బల్ల చేశాడు. నా మోచేతుల ఎత్తు, చుట్టూ అంచు, కింద బరువైన అడుగు, పైన చిన్న పరుపు. అది పప్పు గదిలో గోడవారన నిలబడింది. సొరుగుల్లో నిజంగానే సాంపిల్ పప్పు పెట్టించారు. ఆడవాళ్లందరికీ విషయం తెలుసు. "పప్పు బల్ల మీద పరుపెందుకమ్మా?" అని ఒకామె అడిగితే, "నా పప్పుకి నడుం నొప్పి" అని కసిరారు. గదంతా నవ్వింది. నేను మాత్రం దాన్ని ముట్టుకోలేకపోయాను. దాని పక్కనుంచి నడవాల్సొస్తే చుట్టూ తిరిగి వెళ్లేదాన్ని.

అది ఆవిడ గమనించారు. ఒక సాయంత్రం అందరూ వెళ్లాక నన్ను ఆపారు. "నా పెద్దోడు కడుపులో ఉన్నప్పుడు మా అత్త గుడ్డ పేలిక కూడా కొననీలేదు" అన్నారు. ఆవిడ గొంతు అంత చిన్నగా వినడం నాకు అదే మొదటిసారి. "ఏటీ కొన్లేదు, ఏటీ కుట్టలేదు. అయినా పుట్టిన మూడో రోజుకి పోయాడు. ఆడికి సుట్టడానికి ఇంట్లో కొత్త గుడ్డ ముక్క లేదు. మా ఆయన పాత పంచె సింపి సుట్టి ఇచ్చీసినాం." కొంగుతో బల్ల అంచు తుడిచారు. "కొన్నోల పిల్లలూ పోతారు, కొననోల పిల్లలూ పోతారు. నీ బిడ్డకి తనవంటూ రెండు జుబ్బాలైనా ఉన్నాయి. ఆశపడి కొన్నావు. అది తప్పేటే?"

నేను ఆ బల్ల అంచు పట్టుకుని ఏడ్చాను. బిడ్డ పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు. ఆవిడ ఓదార్చలేదు, ఫ్యాను వేసి పక్కన నిలబడ్డారు.

మా అమ్మాయి పుట్టింది. పురుడు వెళ్లాక బల్ల ఆటోలో ఇంటికొచ్చింది. "ఫ్యాక్టరీది, పాతది" అని డ్రైవరు చెప్పాడు, అలా చెప్పమని ఆవిడే నేర్పారట. పాతది కనక అత్త ఏమీ అనలేదు. రోజూ పిల్లను కాళ్ల మీద వేసుకుని స్నానం చేయించి, తెచ్చి ఆ బల్ల మీదే పడుకోబెట్టేది. అయినా మొదటి బిడ్డ ఊసు మా ఇద్దరి మధ్య ఎప్పుడూ రాలేదు. కాంతమ్మగారు ఉన్నన్నాళ్లూ, "మీ అత్తతో మాటాడేవా?" అని అడుగుతూనే ఉన్నారు. లేదనేదాన్ని. ఆవిడ పోయేనాటికీ అదే జవాబు.

పోయిన నెల, కడుపుతో ఉన్న మా తోటికోడలు హేమ ఫోనులో పిల్లల మంచాలు చూస్తూ, అత్త రాగానే గబుక్కున దాచేసింది. ఆ దాచడం నాకు తెలుసు. "పద హేమా, కాశీబుగ్గ వెళ్లి చూసొద్దాం" అన్నాను. అత్త గుమ్మంలో ఆగిపోయింది.

"అత్తా," అన్నాను, "నేను కొనబట్టి పోలేదు నా బిడ్డ."

ఆవిడ నా వంక చూడలేదు. గుమ్మం పట్టుకునే, "తెల్సమ్మా" అంది. "ఆ రోజున ఏదో ఒకటి అనుకోవాలి గదా. ఊరికినే పోయిందంటే మనసు ఒప్పలేదు. నోటికొచ్చింది నీ మీద ఏసీసినాను."

లోపలికి వెళ్లి చీర మార్చుకుని వచ్చింది. ఆటోలో నాకూ హేమకూ మధ్య కూర్చుంది. కాశీబుగ్గ దగ్గర పడుతుండగా నా చెయ్యి పట్టుకుని, "అప్పుడు ఆ పసిదాన్ని నేను సూడలేకపోయాను. ఎవరి పోలికే అది?" అని అడిగింది.

ఇన్నేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. ఆ ముఖాన్ని నేనొక్కదాన్నే మోసుకు తిరుగుతున్నాను.

"మీ పోలికే అత్తా," అన్నాను. "నుదురు అచ్చం మీదే."