నేను తాళి కట్టిన అరటిచెట్టు

పెళ్లి ఆరు రోజుల్లో ఉందనగా ఒక చెట్టు నా సంసారాన్ని మొదలు కాకముందే ముంచబోయింది. తప్పు చెట్టుది కాదని ముందే ఒప్పుకుంటున్నాను. పాపం, అది తన మానాన తాను పెరిగింది. దానికి పేరు పెట్టింది నేను. ఆ పేరేదో సరిగ్గా పెట్టి ఉంటే ఇవాళ మీకు చదవడానికి ఏమీ ఉండేది కాదు, మా అత్తగారింట్లో నాకు కాస్త మర్యాద మిగిలి ఉండేది.

అప్పటికి నాకు ఇరవై ఏడేళ్లు. నస్పూర్‌లో ఉంటూ బొగ్గుబాయిలో సర్వే పని చేసేవాణ్ణి. భూమి కింద ఏ పొర ఎక్కడుందో అడిగితే చెప్పగలను గాని, భూమి మీద మొలిచేవాటితో నాకు పెద్దగా పరిచయం లేదు. ఆ సంగతి నాకు తెలిసి ఉన్నా బాగుండేది. కాని నేను రోజూ భోజనం చేస్తూ ఫోన్‌లో పెరటి తోటల వీడియోలు చూసేవాణ్ణి. రోజుకు మూడు వీడియోలు చూసేవాడికి సందేహాలుంటాయా? ఉండవు. ఉపన్యాసాలుంటాయి.

ఒక ఆదివారం మొక్కల బండతను మా క్వార్టర్ ముందు ఆగాడు. బండి మూలన ఒక మొక్క, పొడవాటి ఆకులు మూడు, నున్నగా, నిగనిగలాడుతూ ఉంది.

"ఇది చక్కెరకేళి కదా?" అన్నాను. గమనించండి, అడగలేదు, అన్నాను.

అతను మొక్కను చూశాడు, నన్ను చూశాడు, నెత్తిమీది ఎండను చూశాడు. "సారు ఎట్లంటె గట్లనే," అన్నాడు.

దాన్ని నేను ధ్రువపత్రంగా స్వీకరించి మొక్కను ఇంటికి తెచ్చాను. స్నానాల గది వెనక నీళ్లు పారే చోట నాటాను. అది ఏపుగా పెరిగింది. రెండేళ్లలో నా ఎత్తు దాటింది. ఒక్కటే చిక్కు. అరటికి ఆకులు కాండం చుట్టూ నాలుగు దిక్కులా వస్తాయి. దీనికి మాత్రం రెండు పక్కలకే, ఒకే వరుసలో, విసనకర్ర విప్పినట్టు వచ్చేవి. ముందు నుంచి చూస్తే ఇంత వెడల్పు, పక్క నుంచి చూస్తే గోడకు ఆనించిన తలుపంత మందం.

"ఏందిరా రమేశా, గిది పురి ఇప్పుకోని నిలవడ్డది?" అంది మా అవ్వ, అంటే మా అమ్మ. "అమ్మమ్మోళ్లింట్ల అరటి గిట్ల లేకుండె."

"అది నాటు అరటి అవ్వా. ఇది టిష్యూ కల్చర్."

టిష్యూ కల్చర్ అంటే ఏమిటో నాకు సగమే తెలుసు. మిగతా సగం ఎదుటివాళ్లకు తెలియదు కాబట్టి ఆ మాట పడగానే ఎవరైనా నోరు మూసుకునేవారు. ఆకు తొడిమెలు కర్రలా గట్టిగా ఉన్నాయేమంటే టిష్యూ కల్చర్. ఒక్క పిలకైనా రాలేదేమంటే టిష్యూ కల్చర్. మూడేళ్లయినా గెల వేయలేదేమంటే అది మరీ మేలురకం టిష్యూ కల్చర్.

పక్క క్వార్టర్‌లో భాగ్యక్క ఉండేది. ఆమె పెరట్లో ఒక అరటిగుబురు, పిలకలతో, ఎండుటాకులతో చిందరవందరగా ఉండేది. నేను సాయంత్రాలు గోడ దగ్గర నిలబడి ఆమెకు అరటి సాగు బోధించేవాణ్ణి.

"అక్కా, గన్ని పిలకలు ఉంచద్దు. చెట్టు బలం గుంజుకుంటయి. మా చక్కెరకేళి చూడు, ఎట్ల నిలవడ్డదో."

"మాది మొన్ననే గెలేసింది తమ్మీ. మీది?"

"ఏస్తది."

మూడేళ్లపాటు నా జవాబు అదే.

అప్పుడు సంబంధం కుదిరింది. అమ్మాయి పేరు సునీత, ఊరు హుస్నాబాద్. నాన్న లింగయ్య రైతు, అన్న దుబాయిలో పనిచేస్తాడు. నిశ్చితార్థమయ్యాక రెండు నెలలు రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం. నా జోకులకు నవ్వేది. నవ్వు రాని జోకులకు "నవ్వు రాలే" అని చెప్పేది. అలాంటి మనిషి మళ్లీ దొరకదని నాకు మొదటి వారంలోనే తెలిసిపోయింది.

ఇంతలో సునీతవాళ్ల నాయినమ్మ నా జాతకం ఎవరికో చూపించింది. నాకు కుజదోషం ఉందని తేలింది. మా పురోహితుడు అయ్యగారిని పిలిపిస్తే ఆయన తేలిగ్గానే చెప్పాడు.

"ఫికర్ లేదు. ముందుగాల అరటిచెట్టుకు తాళి కట్టి, ఆ చెట్టును కొట్టెయ్యాలె. దోషం దానితోటి పోతది. కని నాటిన కాడనే ఉన్న చెట్టు కావాలె, కోసి తెచ్చి పాతింది పనికిరాదు. గెల వెయ్యని కన్నెచెట్టయితె ఇంకా మంచిది."

"భాగ్యమ్మను అడుగుదాం," అన్నాడు బాపు, మా నాన్న.

నాకు పౌరుషం వచ్చింది. "మనింట్ల పెట్టుకోని బయట అడుగుడేంది బాపూ? మూడేండ్ల సంది ఒక్క గెల వెయ్యలే. ఇంతకంటె కన్నెచెట్టు ఈ జిల్లాల ఉంటదా?"

అయ్యగారు అక్కడే పంచాంగం తీసి రోజు పెట్టాడు.

పెళ్లికి ఏడు రోజుల ముందు, పొద్దున్నే, నన్ను తెల్ల ధోతిలో స్నానాల గది వెనక నిలబెట్టారు. అవ్వ చెట్టుకు పసుపు చీర కట్టబోయింది. విసనకర్రకు చీర కట్టడం మీరెప్పుడైనా ప్రయత్నించారా? ఆరు గజాలు చాల్లేదు. చివరికి నడుముకు చుట్టి బట్టలారేసే క్లిప్పులు పెట్టింది.

అయ్యగారికి ఒక కంటికి శుక్లాల ఆపరేషన్ అయింది, రెండోది ఇంకా కావాలి. అయినా అనుమానపడ్డాడు. "ఆకులు గిట్ల ఒక్క వరుసల ఉన్నయేంది నాయనా?"

"టిష్యూ కల్చర్ అయ్యగారు."

"ఓహో," అని మంత్రం అందుకున్నాడు.

పసుపుకొమ్ము కట్టాను. అక్షింతలు పడ్డాయి. ఇక నరకాలి. "ఒక్క దెబ్బకు పడుతది," అన్నాడు అయ్యగారు. "సొరకాయ తెగినట్టు తెగుతది." నేను కత్తి ఎత్తి బలమంతా పెట్టి వేశాను. కత్తి దిగింది, దిగిన చోటే ఉండిపోయింది. లాగితే రాలేదు. కాలు అడ్డం పెట్టి లాగాను. అప్పుడు ఆకుల మొదళ్లలో ఎన్నాళ్లనుంచి నిలిచి ఉన్నాయో వాననీళ్లు, దోమపిల్లలతో సహా, భళ్లున అయ్యగారి భుజం మీద పడ్డాయి.

"అరటిల నీళ్లెక్కువ," అన్నాను.

"వాసన గూడ ఎక్కువనే ఉన్నది," అన్నాడాయన కండువా పిండుకుంటూ.

బాపు లోపలికి పోయి గొడ్డలి తెచ్చాడు. పదకొండో దెబ్బకు నా మొదటి భార్య నేలకొరిగింది. వెనక్కి చూడకుండా పోయి స్నానం చేశాను. దోషం వదిలిందని అందరం పాయసం తాగాం.

ఇక్కడితో ఆగి ఉంటే నేను బతికిపోయేవాణ్ణి. కాని మరునాడు సునీత ఫొటో అడిగింది. చీర కట్టిన చెట్టు పక్కన నేను ఛాతీ విరుచుకుని నిలబడ్డది పంపించాను. "నా సవతి మంచిగనే ఉన్నది, జర వెడల్పు," అని రాసింది. రాసి ఊరుకోలేదు, ఇంట్లో అందరికీ చూపించింది. గంటలోపే లింగయ్య మామ ఫోన్ చేశాడు.

"అల్లుడా, తిన్నవా?"

"తిన్న మామా."

"మంచిది. గా ఫొటోల నీ పక్కకు ఉన్నదేంది?"

"అరటి మామా. చక్కెరకేళి."

ఆయనకు బావి దగ్గర అరెకరం అరటితోట ఉందన్న సంగతి నాకు అప్పుడు గుర్తుకొచ్చింది.

"నరికినప్పుడు ధోతి మీద ఏమన్న పడ్డదా?"

"నీళ్లు వడ్డయి మామా. ఉతుకుతె పోయినయి. మల్లెపువ్వు లెక్క ఉన్నది," అన్నాను గర్వంగా.

"అరటి పాలు వడ్డ బట్ట చినిగిపోతది గని మరక పోదు అల్లుడా. ముప్పై ఏండ్ల సంది గా మరకల బనీన్లే తొడుగుతున్న. నువ్వు నరికింది అరటి గాదు. గది ఫంక్షన్ హాల్ల గేటుకాడ పెట్టె షోకు చెట్టు."

"మామా, ఇది టిష్యూ..."

"అల్లుడా," అన్నాడు మెల్లగా. నేను ఆగిపోయాను.

"నాకైతె నవ్వే వస్తుంది. కని మా అవ్వ వినుకున్నది. దోషం పోలేదు, పిల్లను ఇయ్యద్దని అన్నం ముడుతలేదు. ముహూర్తం వెనుకకు జరుపుదామంటె మా పెద్దోని సెలవు అయిపోతది, మళ్ల రెండేండ్లకు గని రాడు. వాడు లేంది సునీత పీటల మీద కూసోనంటుంది. ఆరు దినాలున్నయి. ఏం జేస్తవో చెయ్యి."

ఫోన్ పెట్టేశాక కుర్చీలో కూలబడ్డాను. భయమేసింది. నిజంగా భయమేసింది. నా తెలివితేటల వల్ల సునీత నాకు దక్కకుండా పోతే, ఆ సంగతి జన్మంతా నాకు నేనే చెప్పుకోవాలి. టిష్యూ కల్చర్ అంటే వినడానికి అక్కడ ఎవరూ ఉండరు.

అవ్వ, బాపు, నేను అయ్యగారింటికి పరుగెత్తాం. అసలైన అరటితో మళ్లీ చేయించమన్నాం. ఆయన వేళ్లు ముడిచి లెక్కపెట్టాడు. ముఖం మారింది.

"జర పరేషానే ఉన్నది. నిన్న ఒక పెండ్లి అయింది గద."

"అది అరటే కాదు గద అయ్యగారు, పెండ్లెట్ల అయితది?" అన్నాడు బాపు.

"పిల్ల పేరు తప్పు చెప్పిండ్రని పెండ్లి కాకుంట పోతదా? మంత్రం చదివిన, తాళి కట్టిండు. అది మొదటిది. ఇప్పుడు అరటి రెండోది. గప్పుడు మీ కోడలు మూడోది అయితది. మూడో లగ్గం మంచిది కాదు. మూడోది జిల్లేడుకు చెయ్యాలె."

"మరి సునీత?" అన్నాను నేను.

"నాలుగోది. నాలుగోది భేషుగ్గ ఉంటది."

ఇంటి దగ్గరికొచ్చాక బాపు ఒక్కమాట అన్నాడు. "మా నాయిన ఒక్కటే చేసుకున్నడు. నేను ఒక్కటే చేసుకున్న."

సాయంత్రం పళ్లెంలో పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పెట్టుకుని ముగ్గురం భాగ్యక్క ఇంటికి పిల్లనడగడానికి వెళ్లాం. ఆమెకు సంగతంతా అప్పటికే తెలుసు. క్వార్టర్లలో గోడలు అంత పలచన. అయినా ఏమీ తెలియనట్టు కుర్చీలు వేసి కూర్చోబెట్టింది.

"పిల్లగాడు ఏం జేస్తడు?"

"అక్కా, నేనే గద."

"చెట్లు గుర్తువడుతడా?"

నేను తల దించుకున్నాను. అవ్వ చీరకొంగు నోట్లో కుక్కుకుంది.

"రెండు నెలలైతె గెలేస్తుండె," అంది భాగ్యక్క గుబురువైపు చూస్తూ. ఈసారి ఆమె గొంతులో వేళాకోళం లేదు. "సరే తీ, నీ లగ్గం కంటె గెల ఎక్కువనా. తీస్కో తమ్మీ. ఒక్కటే మాట. ఇంకోపారి గోడకాడ నిలవడి నాకు అరటి గురించి చెప్పద్దు."

చెప్పనని పళ్లెం మీద చెయ్యి పెట్టి ఒప్పుకున్నాను.

మరునాడు అసలైన అరటికి తాళి కట్టాను. కత్తి వేస్తే ఒక్క దెబ్బకే పడింది. పాలు చిమ్మి ధోతి నిండా మరకలయ్యాయి. ఆ మరకను దగ్గరగా ఫొటో తీసి మామకు పంపించాను. "గిది అరటి," అని జవాబొచ్చింది. నా జీవితంలో నేను అందుకున్న ఏ పట్టా నాకంత సంతోషం ఇవ్వలేదు.

ఆ తర్వాతి రోజు రైలుపట్టాల పక్కన జిల్లేడు. ఈసారి నాయినమ్మ వీడియో కాల్‌లో స్వయంగా కూర్చుంది. "జిల్లేడని ఎవలు జెప్పిండ్రు? పిల్లగాడేనా?" అని అడిగింది. "కాదు, నేను చెప్పిన," అంది మా అవ్వ. "గట్లయితె కానియ్యుండ్రి," అని అనుమతిచ్చి, ఆ పూట అన్నం తిన్నది.

ముహూర్తానికే, హుస్నాబాద్‌లో, అన్న పక్కనుండగానే సునీత పీటల మీద కూర్చుంది. మూడుసార్లు సాధన చేసిన చేతులు కాబట్టి మూడు ముళ్లూ తడబడకుండా వేశాను. అందరూ అక్షింతలు వేస్తుండగా ఆమె తల వంచుకునే అడిగింది.

"నేను ఎన్నోదాన్ని?"

"నాలుగు," అన్నాను. పెళ్లిపీటల మీద అబద్ధమాడకూడదు.

"ముందటి ముగ్గురు ఏమైండ్రు?"

"నరికిన."

"మంచిది. ఇంటికి పోయినంక గా గొడ్డలి నా చేతికియ్యి. అయిదో లగ్గం మాటొస్తె ఈసారి నరికేది నేను, చెట్టును గాదు."

గొడ్డలి ఇప్పటికీ ఆమె అల్మారాలోనే ఉంది, పట్టుచీరల కింద.

ఆ చెట్టు అరటికి దూరపు చుట్టమేనని ఈ మధ్య ఎక్కడో చదివాను. అంటే నేను మరీ అంత తప్పు చెప్పలేదు. ఈ మాట మా ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు, చెప్పే ధైర్యమూ లేదు. అందుకని అగ్నిసాక్షిగా, గొడ్డలిసాక్షిగా, పంచభూతాలు వింటుండగా ప్రతిజ్ఞ చేశాను: నా కంఠంలో ప్రాణముండగా ఏ మొక్క పేరూ నా నోట రానివ్వను. కొత్తిమీర కట్టయినా సరే, నలుగురిని అడిగాకే సంచిలో వేస్తాను. ఎవరైనా చెట్టు చూపించి ఇదేమిటని అడిగితే, దాని చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు కట్టుకుని, "పచ్చగా ఉంది" అని చెప్పి వచ్చేస్తాను.